ఇంట్లో చేసిన కంట్రీ పాటలో మాటే వినబడటం లేదు, ఏ ప్లగిన్ కొనాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుపతిలో ఒక తమ్ముడు మేడమీద గదిలో తెలుగులో కంట్రీ పాట, అంటే అమెరికా పల్లెపాటల తరహాది, ఒకటి చేస్తున్నాడు. గది పదడుగుల నలుచదరం. ఒక ల్యాప్‌టాప్, రెండు ఛానళ్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. సెషన్‌లో అకూస్టిక్ గిటార్లు, ఎలక్ట్రిక్ గిటారు, శాంపిల్ (ముందే రికార్డు చేసిన శబ్దాలతో వాయించే) బాంజో, శాంపిల్ పెడల్ స్టీల్, వయొలిన్, ప్యాడ్లు (వెనక సాగే కీబోర్డు శబ్దాలు), బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ కలిపి 34 ట్రాకులు. "అంతా ముద్దగా ఉందన్నా, పాడే మాట వినబడటం లేదు, కంట్రీలా అనిపించటం లేదు. ఏ ప్లగిన్ కొనమంటారు?" అని అడిగాడు. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం.

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ఏదీ కొనొద్దు. ఇవాళ రాత్రి సెషన్ తెరిచి గొంతు, ఒక అకూస్టిక్ గిటారు, బేస్, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), సైడ్‌స్టిక్ (డ్రమ్ము అంచు మీద పుల్ల దెబ్బ) ఈ ఐదూ ఉంచి మిగతా 29 మ్యూట్ చెయ్యి. ఈక్యూ (శబ్దంలో కింది, పై భాగాలను పెంచి తగ్గించేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులను అణిచేది) ఏమీ ముట్టుకోకుండా ఒట్టి ఫేడర్లతో, అంటే వాల్యూమ్ మీటలతో, పాట మొదటి నుంచి చివరిదాకా నిలబడుతుందేమో చూడు. నిలబడకపోతే తప్పు పాటలోనో, పాడటంలోనో ఉంది, మిక్స్‌లో లేదు. నిలబడితే మిగతా వాయిద్యాలను ఒక్కొక్కటిగా లోపలికి రానివ్వు. వచ్చిన ప్రతిదానికీ ఎక్కడ ఊరుకోవాలో ముందు చెప్పి, ఆ తర్వాత ఎక్కడ వాయించాలో చెప్పు.

ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు, పోయిన పరువుతో తెలిసింది. నేను ఇంట్లో ఎక్కువగా చేసేది భక్తి పాటలు, జాతర పాటలు. కొన్నేళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి వెళ్లి డల్లాస్‌లో స్థిరపడ్డ ఒకాయన, వాళ్ల నాన్న షష్టిపూర్తికి ఒక పాట కావాలన్నాడు. అక్కడి రేడియోలో వినే కంట్రీ తరహాలో ఉండాలి, మాటలు మాత్రం మన ఊరివి. నాకు దొరికిన ప్రతి శబ్దమూ అందులో పోశాను. బాంజో ఆగదు, ఫిడిల్ ఆగదు, వెనక ప్యాడ్ ఒకటి జెండాలా రెపరెపలాడుతూనే ఉంటుంది. పంపిన రెండో రోజు ఫోన్ వచ్చింది. "బాగుంది సార్. కానీ మా నాయనకు ఒక్క మాటా అర్థం కాలేదంట." పాట రాసిందే ఆ పెద్దాయన కోసం! ఆ రాత్రి కూర్చుని 40 దాకా ఉన్న ట్రాకులను 11కి తెచ్చాను. ఒక్క ఈక్యూ బటన్ తిప్పకుండానే సగం సమస్య తీరిపోయింది.

కంట్రీలో గొంతు ఒక వాక్యం చెబుతుంది. వాక్యం అయ్యాక ఒక వాయిద్యం రెండు మాత్రల సేపు బదులు చెప్పి తప్పుకుంటుంది. తర్వాతి వాక్యానికి ఇంకోటి. మొదటి చరణంలో పెడల్ స్టీల్ బదులిస్తే, రెండో చరణంలో ఫిడిల్, పల్లవిలో ఎలక్ట్రిక్ గిటారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడరు. హరికథ చూసినవాడికి ఇది కొత్తేమీ కాదు. దాసు గారు మాట ఆపగానే వయొలిన్ అందుకుంటుంది, ఆయన నోరు తెరవగానే తగ్గిపోతుంది.

ఇక్కడ తెలుగు పాటకు ఒక చిక్కుంది. దీన్ని ఇంగ్లిష్ ట్యుటోరియల్ చేసేవాళ్లెవరూ నీకు చెప్పరు, వాళ్లకా అవసరం లేదు. కంట్రీ పాట వరుస చివర వచ్చే ఇంగ్లిష్ మాటలు చాలావరకు హల్లుతో మూసుకుంటాయి: రోడ్, హోమ్, ట్రెయిన్. తలుపు వేసినట్టు టక్కున అయిపోతుంది, వెనకాల ఖాళీ తనంతట తనే పుడుతుంది. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. రోడ్‌ను కూడా రోడ్డు చేసుకున్నాం, రైల్‌ను రైలు చేసుకున్నాం. వరుస చివర అచ్చు ఉంటే మన గాయకుడు దాన్ని సాగదీయకుండా ఉండలేడు, చిన్నప్పటి నుంచి అలవాటైన గమకం ఒకటి తగిలిస్తాడు కూడా. దాంతో స్టీల్ రావాల్సిన రెండు మాత్రలూ గొంతే తినేస్తుంది. దాని మీద స్టీల్ వాయిస్తే ముద్ద, ముద్ద అయ్యేసరికి ప్లగిన్ల వేట.

దీనికి నేను చేసేది మూడు రకాలు. మాటలు రాసేటప్పుడే వరుసను ఒక మాత్ర పొట్టిగా రాయిస్తాను. గాయకుడిని చివరి అక్షరం కబురు చెప్పినట్టు చెప్పి వదిలెయ్యమంటాను, పాడొద్దంటాను. అదీ కుదరకపోతే ఫిల్‌ను, అంటే వాయిద్యం చెప్పే ఆ బదులును, ఒక మాత్ర ఆలస్యంగా మొదలుపెడతాను, తొందరేమీ లేదు. రివర్బ్ (గది మోత) కూడా ఈ ఖాళీలోకి తోక జాపకూడదు. నీ గొంతు మీద పెద్ద హాల్ రివర్బ్ పెట్టానని రాశావు కదా, తీసెయ్. దాని బదులు 90 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య ఒకే ఒక్కసారి తిరిగొచ్చే డిలే పెట్టు. దీన్నే స్లాప్‌బ్యాక్ అంటారు. వినీ వినబడనట్టు ఉంటే చాలు. ఇంకా కావాలంటే ఒకటిన్నర సెకన్ల ప్లేట్ రివర్బ్, దానికి ముందు 30 మిల్లీసెకన్ల ప్రీడిలే (మోత మొదలయ్యేముందు ఖాళీ) ఇవ్వు. ఆ ప్రీడిలే వల్ల మాట ముందు తగులుతుంది, గది వెనకాల వస్తుంది.

యాస గురించి కూడా ఒక మాట. టెక్సస్ వాడిలా ముక్కుతో పాడే ప్రయత్నం చెయ్యకు, నవ్వొస్తుంది. కంట్రీ అంటే పుట్టిన ఊరి మాట ఊరివాడిలాగే చెప్పడం. "ఎక్కడికి వెళుతున్నావు" అని పాడేకంటే "యాడికి పోతా ఉండావు" అని పాడితే అదే ఎక్కువ కంట్రీ.

ఇప్పుడు నీ గది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదడుగులే అయితే చిన్న గదుల్లో అంతకంటే ఇబ్బందైన కొలత లేదు. పదడుగులంటే సుమారు 3.05 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే ఆ గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు 112 దగ్గరా శబ్దం నిలిచిపోయి ఉబ్బుతుంది. మూడు వైపులా ఒకే కొలత కాబట్టి మూడు ఉబ్బులూ ఒకేచోట పేరుకుంటాయి. గిటారు ఐదో తీగ వట్టిగా మీటితే 110 హెర్ట్జ్. 'ఏ' (A) కార్డ్ పట్టుకున్నప్పుడు గిటారు ఎందుకు గుమ్మంటుందో ఇప్పుడు అర్థమైందా? అంగుళం మందం ఫోమ్ ముక్కలు, కోడిగుడ్డు అట్టలు దీన్ని ఏమీ చెయ్యలేవు. అవి పై శబ్దాలను మాత్రమే పీల్చి గదిని ఇంకా మొద్దుగా చేస్తాయి. మూలల్లో నాలుగు అంగుళాలు, వీలైతే ఆరు అంగుళాల మందం రాక్‌వూల్ గుడ్డలో చుట్టి నిలబెట్టు. డబ్బుల్లేవంటే ఇంట్లో ఉన్న దూది పరుపులు మూలలకు ఆనించు. నా మొదటి గదిలో మా అమ్మ పెళ్లినాటి పరుపు రెండేళ్లు ఆ పనే చేసింది.

గిటారుకు మైకు సౌండ్‌హోల్ ఎదురుగా పెట్టకు, బుస్సుమనే గాలంతా అక్కడే. పన్నెండో మెట్టు దగ్గర ఒక జానెడు దూరంలో పెట్టి కొంచెం లోపలికి తిప్పు. తీగలు కొత్తవి వేసి ఒక రోజు సాగనిచ్చి రికార్డు చెయ్యి. కంట్రీ గిటారులో కనిపించే ఆ గాజు మెరుపు సగం కొత్త తీగలదే. మిక్స్‌లో 100 నుంచి 120 హెర్ట్జ్ కింద కోసెయ్, అక్కడ బేస్ ఉంది. 200 నుంచి 300 మధ్య రెండు మూడు డీబీ (డెసిబెల్) తగ్గించు. గొంతులో హల్లులు తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, కాబట్టి గిటారును అక్కడ కూడా కొద్దిగా తగ్గించు.

రెండు అకూస్టిక్ గిటార్లూ ఒకే కార్డ్‌లు ఒకే చోట వాయిస్తున్నాయని రాశావు. అది దండగ. నాష్‌విల్ (అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరున్న ఊరు) ట్యూనింగ్ అని ఒకటుంది, ఖర్చు ఒక తీగల సెట్టు మాత్రమే. పన్నెండు తీగల గిటారు సెట్టు కొను. అందులో లావు తీగలకు జతగా వచ్చే సన్న తీగలు ఉంటాయి. వాటిని నీ మామూలు గిటారుకు లావుగా ఉండే నాలుగు తీగల స్థానంలో వేసి ఒక స్థాయి పైకి శ్రుతి చెయ్యి. మిగతా రెండు సన్న తీగలు మామూలే. కార్డ్‌లు అవే పట్టుకోవాలి, శబ్దం మాత్రం పచ్చి కొబ్బరి కోరులా తేలిగ్గా రాలుతుంది. మామూలు గిటారు ఎడమకు, ఇది కుడికి. మధ్యలో గొంతుకు వాకిలి తెరిచినట్టే.

పెడల్ స్టీల్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నీ పాట కంట్రీలా అనిపించకపోవడానికి రెండో పెద్ద కారణం అదే. ఇది మామూలుగా పది తీగల వాయిద్యం. చేతిలో ఇనుప కడ్డీ, కాళ్ల కింద పెడల్స్, మోకాళ్ల దగ్గర మీటలు. దాని కిటుకు జారడంలో లేదు. జారడం మన గోటువాద్యంలోనూ ఉంది. కడ్డీ జరిపితే తీగలన్నీ కలిసి జరుగుతాయి, కానీ పెడల్ తొక్కితే దానికి కట్టిన ఒకటి రెండు తీగలు మాత్రమే పైకి వెళతాయి, పక్క తీగ ఉన్నచోటే ఉంటుంది. ఒకటి నిలబడి ఒకటి ఎక్కడం, ఆ రెండింటి మధ్య పుట్టే ఏడుపే స్టీల్ ఏడుపు. నువ్వు శాంపిల్ మీద పిచ్ వీల్ తిప్పితే అన్ని స్వరాలూ కలిసి ఎక్కుతాయి, అందుకే అది బొమ్మలా ఉంది. స్వరాలను రెండు ట్రాకులుగా విడగొట్టు. నిలిచేది ఒకదాంట్లో, ఎక్కేది ఇంకోదాంట్లో. రెండోదాని మీద మాత్రమే పిచ్ వీల్ తిప్పు. ప్రతి మీటునూ సున్నా వాల్యూమ్ నుంచి మెల్లగా పైకి తీసుకురా. స్టీల్ వాయించేవాళ్లు కుడికాలితో వాల్యూమ్ పెడల్ మీద చేసేది అదే.

నేనైతే శాంపిల్ వదిలేసి ఎలక్ట్రిక్ గిటారు మీదే చేస్తాను. మొదటి తీగను చిటికెన వేలితో నొక్కి ఉంచి రెండో తీగనో మూడో తీగనో ఒక పూర్తి స్వరం లాగడం. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగినట్టే, కాకపోతే పక్కన ఇంకో తీగ కదలకుండా మోగుతూ ఉంటుంది. టెలికాస్టర్ లాంటి సింగిల్‌కాయిల్ గిటారైతే గుయ్యిమనే 50 హెర్ట్జ్ రొద వస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, ఫ్యాన్ రెగ్యులేటరు, ట్యూబ్‌లైటు ఆపేసి, కుర్చీని అటూ ఇటూ తిప్పి చూడు. ఏదో ఒక దిక్కులో రొద తగ్గిపోతుంది, అక్కడ గుర్తుగా టేపు అంటించుకో.

వయొలిన్ విషయంలో నీకు తిరుపతిలో ఉన్నంత అదృష్టం చాలా ఊళ్లలో లేదు. టీటీడీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు, వయొలిన్ వాయించే పిల్లలకు కొదవ లేదు. శాంపిల్ తీసి ఒకరిని పిలువు. కానీ కంట్రీ ఫిడిల్ తీగల శ్రుతి జీ, డీ, ఏ, ఈ. మనవాళ్లది స, ప, స, ప. శ్రుతి మార్చి వాయించమంటే వేళ్లు తడబడతాయి, పాపం గంట సేపు నలిగిపోతారు. నేను మొదటిసారి ఒక అమ్మాయిని అలాగే ఇబ్బంది పెట్టాను. తర్వాత తెలిసింది, అమెరికా కొండప్రాంతాల పాతకాలపు ఫిడిల్‌వాళ్లు 'ఏ' (A) స్కేల్ పాటలకు తీగలను ఏ, ఈ, ఏ, ఈ అని మార్చుకుంటారని. అది అక్షరాలా స, ప, స, ప. కాబట్టి పాటను 'ఏ' (A) మేజర్‌లో పెట్టు, అంటే మనవాళ్ల లెక్కలో 6 శ్రుతి. వాళ్లకు అలవాటైన వేళ్లతోనే రెండేసి తీగలు కలిపి మోగించే ఆ కంట్రీ రుచి వచ్చేస్తుంది. ఒక్కటే జాగ్రత్త: కంపితం (స్వరాన్ని ఊపడం) వద్దని చెప్పు. స్వరంలోకి కింది నుంచి ఒక్కసారి జారి ఎక్కి, ఎక్కాక కదలకుండా నిలబడమను. శంకరాభరణం స్వరాలే, గమకాలు ఇంటి దగ్గర పెట్టి రమ్మను. గిటారుకు జీ కార్డ్‌లు పట్టి రెండో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెడితే 'ఏ' మేజర్‌లోకి వచ్చేస్తావు.

వచ్చిన వాళ్లకు కార్డ్‌ల చీటీ ఇచ్చేటప్పుడు పేర్లు కాకుండా అంకెలు రాసివ్వు: 1, 4, 5 అని. స్కేల్‌లో ఎన్నో స్వరం మీది కార్డో ఆ అంకె. ఇది నాష్‌విల్ సెషన్ వాయిద్యకారుల పద్ధతి. 1950ల చివర్లో జోర్డనెయిర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ జూనియర్ తమ పాటగాళ్ల కోసం అంకెలు వాడటం మొదలుపెడితే, చార్లీ మెక్‌కాయ్ వంటి వాద్యకారులు దాన్ని కార్డ్‌లకు వాడి స్టూడియోల్లో అలవాటు చేశారు. మనవాళ్లకు ఇది అరగంటలో పట్టుబడుతుంది. శ్రుతి మారినా షడ్జమం షడ్జమమే అన్న లెక్కే కదా.

డ్రమ్స్, బేస్ గురించి ఎక్కువ రాయను. నాలుగు మాత్రల్లో కిక్ 1, 3 మీద, సైడ్‌స్టిక్ 2, 4 మీద. బేస్ స, ప, స, ప. నువ్వు పెట్టిన, ఆ నాలుగు మాత్రల్లో పదహారు దెబ్బలు పడే హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జత తాళాలు) తీసెయ్, ఆ పని అకూస్టిక్ గిటారు గీత ఇప్పటికే చేస్తోంది. వేగం పాటైతే బ్రష్‌లతో రైలు నడక వాయించే శాంపిల్ లూప్ ఒకటి వెతుక్కో.

గొంతుకు ప్లగిన్లు పెట్టేముందు వరుస వరుసకూ చేత్తో వాల్యూమ్ సరిచెయ్యి. విసుగు పుట్టే పనే, రెండు గంటలు పడుతుంది. కానీ మాట వినబడాలంటే ఇంతకంటే దగ్గర దారి నాకు దొరకలేదు. తర్వాత 80, 90 హెర్ట్జ్ కింద కోత. ఒక కంప్రెసర్ మీద భారమంతా వెయ్యకుండా రెండు పెట్టు. మొదటిది చురుగ్గా శిఖరాలను మూడు నాలుగు డీబీ పట్టుకోవాలి, రెండోది నిదానంగా ఇంకో రెండు మూడు. నీ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చినవే చాలు. మన శ, ష, స, చ అన్నీ 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య గుచ్చుకుంటాయి, డీఎస్సర్ (ఈ బుస్సులను అణిచేది) అక్కడ పెట్టు. పై మూడో స్వరంలో పాడే తోడు గొంతు ఉంటే, ఆ పాడేవాళ్లను వరుస చివర స, చ లాంటివి మింగెయ్యమని చెప్పు. అసలు గాయకుడు ఒక్కడు పలికితే చాలు, లేకపోతే ఒక్కొక్కరూ ఒక్కో సమయంలో బుస్సుమంటారు.

బయటి రొద గురించి నువ్వు అడగలేదు గానీ తిరుపతిలో ఉన్నావు కాబట్టి చెబుతున్నా. తెల్లవారుజామున సుప్రభాతం మైకులు, ముహూర్తాల రోజుల్లో కల్యాణమండపాలు, మే నెలలో గంగజాతర. పంచాంగం చూసుకుని సెషన్ పెట్టుకునేవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా. నాకు కుదిరే సమయం రాత్రి పదకొండు నుంచి మూడు. ఎండాకాలం ఏసీతో గది చల్లబరిచి, ఏసీ ఆపి పాడించి, మళ్లీ వేస్తాం. ఆ చలికీ వేడికీ గిటారు శ్రుతి మారిపోతుంది, ప్రతి టేక్‌కూ ట్యూనర్ చూసుకో. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మాత్రం గిటారు రికార్డు చెయ్యకు. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లు జుర్రుమనే రొద కలుపుతాయి, అది తర్వాత ఏ ప్లగిన్‌తోనూ పూర్తిగా పోదు.

ఇల్లు కదా, స్టూడియో కాదు కదా అని బాధపడ్డావు ప్రశ్న చివర్లో. నాష్‌విల్‌లో ఓవెన్ బ్రాడ్లీ, హెరాల్డ్ బ్రాడ్లీ అన్నదమ్ములు 1950ల నడుమ ఒక ఇల్లు కొని అందులో స్టూడియో పెట్టారు. తర్వాత ఇంటి వెనక సైన్యం వాడే తరహా రేకుల షెడ్డు ఒకటి వేసి అందులో రికార్డు చేశారు. ఇవాళ మ్యూజిక్ రో అంటున్న స్టూడియోల పేట మొదలైంది ఆ ఇంటితోనే. వాళ్లకూ వాన పడితే రేకుల మోతే ఉండి ఉంటుంది.

మాస్టరింగ్ గురించి రెండు ముక్కలు: స్పాటిఫై మామూలుగా శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గరకు తెచ్చి వినిపిస్తుంది, కాబట్టి పిండి పిండి పెద్దది చెయ్యాల్సిన పని లేదు. పీక్ మైనస్ 1 డీబీ దాటనివ్వకు.

చివరి పరీక్ష నాకు వంటింట్లోనే జరుగుతుంది. ఫోన్‌లో పాట పెట్టి, గట్టు మీద ఉంచి, పక్కన మా ఆవిడ మిక్సీ వేస్తున్నప్పుడు పల్లవి ఏమిటో అడుగుతాను. చెబితే మిక్స్ అయినట్టు. నువ్వు ముందు ఆ ఐదు ట్రాకుల మిక్స్ ఒకటి చేసి ఇక్కడే కింద పెట్టు, 34 ట్రాకులది వద్దు. ఆదివారం లోపు విని, ఫిడిల్ ఎక్కడ రావచ్చో నిమిషం సెకన్లతో సహా రాస్తాను.